పాత జిప్సీ 60 దగ్గర స్టీరింగ్ ఊగిపోతోంది, 31 అంగుళాల టైర్లు వేద్దామనుకుంటున్నా, ముందు ఏ పని పట్టుకోవాలి?

మట్టిదారి:

అన్నలకి నమస్కారం. ఈమధ్యే ఒక పాత మారుతి జిప్సీ తీసుకున్నాను. 1.3 ఇంజిన్, కార్బురేటర్ మోడల్, ఐదు గేర్లు. ఛాసిస్ పొడవునా సుత్తితో కొట్టుకుంటూ పోయి చూశాను, పైపై తుప్పే గానీ పుచ్చిపోయిన చోటు తగల్లేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. ఫోర్ వీల్ పడుతోంది, లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) పడుతోంది.

బాధంతా ముందు యాక్సిల్‌తోనే. 55, 60 మధ్యలో ఒక చక్రం చిన్న గుంతలో పడితే చాలు, స్టీరింగ్ అటూ ఇటూ టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా ఆగదు, బ్రేక్ వేసి 30కి దించితేగానీ బండి సర్దుకోదు. బ్యాలెన్సింగ్ చేయించాను. తగ్గింది కానీ పోలేదు. ఇంకో సంగతి, కుడివైపు ముందు చక్రం లోపలి గోడ మీద నల్లగా, పల్చగా, గ్రీజో నూనెనో తెలియనిది కారి ఉంటోంది. తుడిచిన వారానికి మళ్లీ అంతే.

నేను అనుకుంటున్నది ఇదీ: 31×10.5 ఆర్15 మడ్ టైర్లు, వాటికి చోటు కోసం కమాన్ కట్టల్ని (పట్టీల స్ప్రింగుల్ని) యాక్సిల్ కింద నుంచి తీసి పైకెక్కించడం. ఐదు అంగుళాల దాకా ఎత్తు వస్తుందంటున్నారు. బండి తిరిగేది రాళ్ల దారుల్లో, వాగుల్లో, బురదలో. అలాగని రోడ్డు మీద నడపకుండా ఉండలేను. పని నేనే చేసుకోవాలని గట్టిగా ఉంది. పానాల సెట్టు, టార్క్ రెంచ్, రెండు జాకీలు, నాలుగు స్టాండ్లు ఉన్నాయి. వెల్డింగ్ మాత్రం రాదు. ఏ వరుసలో చేయమంటారు?


ఎర్రదుమ్ము:

బ్రో, స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుని ఆపే చిన్న షాక్ అబ్జార్బర్) కొత్తది వేసి చూడండి. మా బండిలో అదే ఊపు, డ్యాంపర్ మార్చాక హాయిగా పోతోంది. టైర్లు మాత్రం 31 వేసేయండి, రాళ్లలో ఆ తేడా మీకే తెలుస్తుంది. ఫెండర్ కొంచెం కోయాల్సి వస్తుంది, అంతే.


లోరేంజ్:

తమ్ముడూ, ఎత్తు పెంచే సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టు. నువ్వు రాసిన వాటిలో రెండు నాకు ముఖ్యం. గుంత తగలగానే పుట్టే ఊపు ఒకటి, చక్రం లోపలి గోడ మీద కారే పల్చటి గ్రీజు రెండోది. రెండూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని నా నమ్మకం. ఆ కుడి నకిల్ (యాక్సిల్ చివర, స్టీరింగ్‌తో పాటు చక్రాన్ని తిప్పే భాగం) విప్పాలి. విప్పి, బాగుచేసి, బిగించేదాకా పెద్ద టైరు మాట వద్దు.

డ్యాంపర్ గురించి ముందు చెబుతాను. డ్యాంపర్ ఊపుని మింగుతుంది. ఊపు పుట్టడానికి కారణమైన వదులు మాత్రం అలాగే ఉంటుంది, లోపల పెరుగుతూనే ఉంటుంది. కొత్త డ్యాంపర్ అలసిపోయిన రోజున అదే ఊపు ఇంకా ఎక్కువగా తిరిగొస్తుంది. పైగా అప్పటికి 31 టైరు బరువు కూడా తోడవుతుంది. అందుకే డ్యాంపర్ చివర్లో, అన్నీ బిగిశాక.

వదులు ఎక్కడుందో తేల్చుకోవడానికి పానా కూడా అక్కర్లేదు. వెనక చక్రాలకి అడ్డాలు పెట్టు, ముందు యాక్సిల్ని జాకీతో లేపి స్టాండు మీద దించు. జాకీ మీద నిలబెట్టి మాత్రం కింద దూరకు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపు. టక్కుమని తగిలితే వదులున్నట్టే. ఇప్పుడు పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా తొక్కించి మళ్లీ ఊపు. బ్రేక్ తొక్కినప్పుడు డిస్కు, క్యాలిపర్ పట్టుకుని హబ్బూ నకిలూ ఒకటైపోతాయి. ఆ వదులు మాయమైతే వీల్ బేరింగ్‌ది. బ్రేక్ తొక్కినా అలాగే ఉంటే కింగ్‌పిన్ (నకిల్ తిరిగే ఇరుసు పిన్ను) బేరింగ్‌లది. తర్వాత చక్రాన్ని కుడీ ఎడమా పట్టుకుని ఊపుతూ టై రాడ్ (రెండు ముందు చక్రాల్నీ కలిపే కడ్డీ) ఎండ్లు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాలకి వచ్చే కడ్డీ) ఎండ్ల మీద రెండో చెయ్యి ఆనించి ఉంచు. ఏ జాయింట్ లోపల కదులుతోందో కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కి బిగించే చోట కూడా టార్చి వేసి బాగా చూడు. పెద్ద టైర్లతో తిరిగిన బండ్లలో అక్కడ ఛాసిస్ రేకు వెంట్రుకంత సన్నగా చీలుతుంది. మట్టి కడగకుండా ఆ చీలిక కనపడదు.

వదులు కింగ్‌పిన్‌దే అని తేలుతుందనుకుంటున్నాను. నకిల్‌కి పైన ఒకటి, కింద ఒకటి టేపర్ రోలర్ బేరింగ్‌లు ఉంటాయి. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కదా, రోలర్లు ఏళ్ల తరబడి కప్పులో ఒకే చోట కూర్చుని దెబ్బలు తింటాయి. కప్పు బయటికి తీసి గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పు. రోలర్ ఎంత పొడవుందో అంతే పొడవున వరసగా గీతలు కనిపిస్తాయి. గోటితో అడ్డంగా లాగితే తగులుతాయి. అలాంటి కప్పుకి షిమ్ (సందు సరిచేసే పల్చటి రేకు) తీసి ఎంత బిగించినా లాభం లేదు. స్టీరింగ్ ఆ గీతల్లో ఇరుక్కుంటుంది, మలుపు తర్వాత చక్రం తనంతట తాను తిన్నగా రాదు. బేరింగ్, కప్పు రెండూ కొత్తవి పడాల్సిందే, అదీ రెండు వైపులా.

విప్పేటప్పుడు కింగ్‌పిన్‌లకి గుర్తులు పెట్టు: కుడి పైది, కుడి కిందది, ఎడమ పైది, ఎడమ కిందది. ఏ షిమ్ ఎక్కడిదో ఆ పిన్నుకే తీగతో కట్టి ఉంచు. బిగించాక బేరింగ్ మీద ఉండే ఒత్తిడిని కొలవాలి. టై రాడ్ విడదీసి, నకిల్ వెనక ఉండే సీలు ఇంకా బిగించకముందు, టై రాడ్ కన్నానికి స్ప్రింగ్ కాటా తగిలించి లాగు. నకిల్ కదలడం మొదలైనప్పుడు కాటా ఎంత చూపించిందో మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కతో పోల్చు. తక్కువ చూపిస్తే ఒక షిమ్ తీసెయ్, ఎక్కువైతే ఒకటి చేర్చు. ఈ కొలత తీసుకోకుండా చేతి అంచనాతో బిగించే మెకానిక్కులు ఎక్కువ, ఊపు మళ్లీ రావడానికి సగం కారణం అదే. ఒక పూట ఎక్కువ పట్టినా ఇక్కడ తొందరపడకు.

ఇక ఆ కారుతున్న నల్లటి నీళ్ల గ్రీజు. నకిల్ లోపల గ్రీజు చిక్కగానే ఉండాలి. అది పల్చబడిందంటే యాక్సిల్ గొట్టం చివర ఉండే లోపలి సీలు పోయి, డిఫరెన్షియల్‌లోని గేర్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి కలుస్తోంది. బయటి సీలు మార్చి ఊరుకుంటే నెలలో మళ్లీ కారుతుంది. లోపలి సీలు, బయటి రబ్బరు సీలు, దాని పక్కన ఉండే ఫెల్ట్ పట్టీ, మూడూ ఒకేసారి మార్చు. అక్కడిదాకా విప్పాక బయటికొచ్చిన సీవీ జాయింట్‌ని (చక్రం తిరిగి ఉన్నా ఇంజిన్ బలం అందించే జాయింట్) డీజిల్‌లో కడిగి గోళీలు తిరిగే గాడుల్ని చూడు. గాడి అంచు పెచ్చులూడి ఉంటే, అది స్టీరింగ్ పూర్తిగా తిప్పి రాయి ఎక్కేటప్పుడు పగిలే జాయింట్. బాగుంటే మాలీ (మాలిబ్డినం కలిసిన) గ్రీజు గోళీల మధ్యకి వేళ్లతో నొక్కి పట్టించు.

టైర్ల లెక్క చెబుతాను. 205/70 ఆర్15 టైరు ఎత్తు దాదాపు 668 మి.మీ. 235/75 ఆర్15 ఎత్తు 734. నువ్వు అడిగిన 31 అంగుళాలది 787. యాక్సిల్ కింద పెరిగే జాగా ఆ తేడాలో సగమే: 235కి 33 మి.మీ., 31కి 60 మి.మీ. దానికి ఇచ్చుకునే మూల్యం గేర్లలో ఉంటుంది. ఈ బండి మొదటి గేరు 3.652, లో రేంజ్ 2.268, యాక్సిల్ 3.73. మూడూ గుణిస్తే దాదాపు 31. అంటే ఇంజిన్ 31 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. 31 టైరు వేస్తే ఆ బలం 26 ఉన్నట్టు అయిపోతుంది. రాళ్లలో నీకు కావాల్సింది నెమ్మది. టైరు పెద్దదై గేరు పొడుగైతే ప్రతి రాయినీ క్లచ్ సగం నొక్కి, ఆక్సిలరేటర్ ఎక్కువిచ్చి దాటాల్సి వస్తుంది. క్లచ్ కాలేది అక్కడే, జాయింట్ విరిగేది అక్కడే. 31 టైరే కావాలంటే ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజిన్ బలాన్ని ముందూ వెనకా యాక్సిళ్లకి పంచే గేర్ల పెట్టె) 4.16 లో రేంజ్ గేర్లు కూడా పడాలి. అప్పుడు 57 దాకా వస్తుంది, టైరు తగ్గించేది పోను 48 మిగులుతుంది. ఈ బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కి అంటుకుని ఉండదు, విడిగా రబ్బరు మౌంట్ల మీద వేలాడుతూ మధ్యలో చిన్న షాఫ్ట్‌తో కలుస్తుంది. కాబట్టి ఆ గేర్ల పని గేర్‌బాక్స్ దించకుండానే అవుతుంది. ఆ మౌంట్లు చీలి ఉంటే లో రేంజ్‌లో లోడ్ పడినప్పుడు లివర్ తనే బయటికి ఎగిరొస్తుంది, వాటినీ చూసుకో.

నా సలహా 235/75 ఆర్15. ఎత్తు పెంచకుండానే పడుతుంది, బంపర్ మూలా ఫెండర్ అంచూ కొంచెం తగలొచ్చు. ఒక చక్రం ఏదైనా గట్టు మీదికి ఎక్కించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఎక్కడ రాసుకుంటోందో చూసి అంతవరకే సర్దుకో. స్పీడో మీటర్ ఒక పది శాతం తక్కువ చూపిస్తుంది, 60 కనపడితే నువ్వు 66లో ఉన్నట్టు.

కమాన్లు యాక్సిల్ పైకెక్కించడం నీకు ఇప్పుడు వద్దు. కొత్త సీట్లు యాక్సిల్ గొట్టానికి వెల్డ్ చేయాలి, పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే యాక్సిల్ గేరు) కోణం ముందే లెక్క కట్టి మరీ చేయాలి. డ్రాగ్ లింక్ బాగా ఏటవాలుగా అయిపోయి, సస్పెన్షన్ కిందికి పైకి కదిలిన ప్రతిసారీ స్టీరింగ్ దానంతటది తిరుగుతుంది. దానికి స్టీరింగ్ అంతా మార్చాలి. బ్రేక్ గొట్టాలు పొడుగువి కావాలి. ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్ ఎస్ ఆకారంలో మెలి తిరుగుతుంది. రోడ్డు మీద కూడా నడుపుతానన్నావు, వెల్డింగ్ రాదన్నావు. ఆ రెండు మాటలు చాలు.

ఎత్తు కంటే ముందు గాలి తగ్గించి చూడు. టన్నుకి అటూ ఇటూ ఉండే తేలిక బండి ఇది. రాళ్ల దారి మొదట్లో ఆగి 18 పీఎస్ఐకి దించితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, రాయిని తన్నకుండా చుట్టుకుంటుంది. పక్కకి జారే వాలులో ఇంకా తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది, కాబట్టి నెమ్మదిగానే పోవాలి, రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ కొట్టుకోవాలి. ఒక మంచి గేజీ, కంప్రెసర్ కొను. ఈ బండికి నువ్వు పెట్టే డబ్బుల్లో అంత ఫలితం ఇచ్చేవి ఇంకేవీ లేవు.


వాగుదాటు:

మట్టిదారి గారూ, మాది 60 సిరీస్ ల్యాండ్ క్రూజర్. నకిల్ అమరిక అందులోనూ దాదాపు ఇదే, పైన చెప్పింది అక్షరాలా నిజం. మీరు వాగులు అన్నారు కాబట్టి ఒక్కటి చేర్చుతాను.

ఆ లోపలి సీలు ఎందుకు పోయిందో కూడా చూడండి. యాక్సిల్ హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే రంధ్రం) ఉంటుంది. మట్టితో అది మూసుకుపోతే, నడిచి వేడెక్కిన యాక్సిల్లో గాలి ఉబ్బి, పోవడానికి దారిలేక సీలు పక్క నుంచి ఆయిల్‌ని తోస్తుంది. అదే వేడి యాక్సిల్ చల్లటి వాగులో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని, అదే సీలు పక్క నుంచి నీళ్లని లోపలికి పీలుస్తుంది. బయటికి ఏమీ కనపడదు. క్రౌన్, పినియన్ బేరింగ్‌లు తుప్పుపట్టి కూత మొదలైన తర్వాత తెలుస్తుంది.

రెండు యాక్సిళ్లకీ, గేర్‌బాక్స్‌కీ, ట్రాన్స్‌ఫర్ కేసుకీ బ్రీదర్ల చోట రబ్బరు గొట్టాలు తగిలించి ఇంజిన్ గదిలో పైభాగానికి తెచ్చి కట్టేయండి, చివర చిన్న ఫిల్టర్ పెట్టండి. యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు లాగకుండా గొట్టంలో కొంత వదులు ఉంచండి. వాగు దిగే ముందు కాసేపు ఆపి హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడి తగ్గాక దిగండి. లోతు నీళ్లలో తిరిగి వచ్చాక డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేస్తే, నీరు చేరి ఉంటే ఆయిల్ కంటే ముందు అదే వస్తుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనపడితే ఆలోచించకుండా మొత్తం మార్చేయండి. యాక్సిళ్లకి జీఎల్-5 రకం గేర్ ఆయిల్, గేర్‌బాక్స్‌కి మాత్రం జీఎల్-4 పోయండి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని రసాయనాలు సింక్రో రింగుల ఇత్తడిని తినేస్తాయి.


మట్టిదారి:

అన్నా, గారూ, ఇద్దరికీ చాలా థాంక్స్. చెప్పినట్టే స్టాండ్ల మీద పెట్టి చూశాను. కుడివైపు పైనా కిందా ఊపితే స్పష్టంగా టక్కుమంది, బ్రేక్ తొక్కించినా అలాగే ఉంది. ఎడమవైపు కొద్దిగా. టై రాడ్ ఎండ్లు బాగున్నాయి, డ్రాగ్ లింక్ ఎండు ఒకటి వదులు. స్టీరింగ్ బాక్స్ దగ్గర కడిగి చూశాను, చీలిక లేదు. వాగుదాటు గారు చెప్పిన బ్రీదర్ విప్పితే మట్టి గట్టిపడి బిరడాలా ఉంది.

కుడి నకిల్ విప్పేశాను. కింది బేరింగ్ కప్పులో ఆ గీతలే, గోటికి తగులుతున్నాయి. సీవీ జాయింట్ గాడులు నున్నగా ఉన్నాయి. ఒక్కటే బెంగ, యాక్సిల్ చివర ఉండే ఆ గుండ్రటి భాగం మీద తుప్పు తిని చిన్న చిన్న గుంటలు పడ్డాయి. కొత్త సీలు దాని మీద రాసుకుంటే చిరిగిపోదా?

ఇంకో ప్రశ్న. 235 టైర్లకే ఒప్పుకున్నాను. కానీ కమాన్ల ముందు షాకిళ్లు (కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే కదిలే లింకులు) రెండు అంగుళాలు పొడుగువి వేస్తే వెల్డింగ్ లేకుండా ఒక అంగుళం ఎత్తు వస్తుందని ఒకరు చెప్పారు. అది చేసుకోవచ్చా?


లోరేంజ్:

బాగా పట్టుకున్నావు తమ్ముడూ. బంతి మీద గుంటలకి భయపడకు. ముందు సన్న ఎమెరీ కాగితంతో బంతి చుట్టూ రుద్ది గరుకు అంచులు తీసెయ్. గుంటలు లోతుగా ఉంటే లోహాలకి వాడే ఎపాక్సీ నింపి, ఆరాక మళ్లీ రుద్ది సమం చెయ్. అరచెయ్యి వేసి తిప్పితే ఎక్కడా తట్టకూడదు. సీలు ఎక్కించే ముందు బంతి అంతా గ్రీజు పూసెయ్. ఇకముందు బురదలోంచి వచ్చినప్పుడు నకిల్ వెనక భాగం నీళ్లతో కడిగి తుడిచి, బంతి మీద కొంచెం గ్రీజు రాస్తే ఆ సీలు చాలాకాలం నిలుస్తుంది.

ముందు షాకిళ్లు పొడుగువి వేయొద్దు. జిప్సీలో ముందు కమాన్‌కి షాకిల్ ముందువైపు ఉంటుంది, వెనక చివర ఛాసిస్‌కి స్థిరంగా ఉంటుంది. షాకిల్ పొడుగైతే కమాన్ ముందు చివర కిందికి దిగి యాక్సిల్ ముందుకి తిరుగుతుంది. అంటే కింగ్‌పిన్ పైభాగం ముందుకి వాలి క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. చక్రాల్ని తిన్నగా ఉంచేది ఆ క్యాస్టరే. ఇంత కష్టపడి కింగ్‌పిన్లు బాగుచేసి, మళ్లీ బండికి దారి తప్పే గుణం తెచ్చిపెట్టినట్టవుతుంది. కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య క్యాస్టర్ ముక్కలు పెట్టి సరిచేయొచ్చంటారు. అవి పెడితే పినియన్ మూతి కిందికి దిగి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ మీద కోణం పెరుగుతుంది. ఒక అంగుళం కోసం ఇదంతా అక్కర్లేదు.

దానికి బదులు ఉన్న కమాన్లనే విప్పు. ఇన్నేళ్ల తుప్పుకి పట్టీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి, కట్ట మొత్తం ఒకే ఇనప ముద్దలా ప్రవర్తిస్తుంది. పట్టీలు విడదీసి, తీగ బ్రష్‌తో తుప్పు తీసి, చివరలు రాసుకున్న చోట పడిన గాడుల్ని గ్రైండ్ చేసి నున్నగా చెయ్. చీలిన పట్టీ, వంగిన సెంటర్ బోల్టు కనపడితే మార్చు. బుష్‌లు కొత్తవి వెయ్. పట్టీలు మళ్లీ జారడం మొదలైతే చక్రం కిందికి ఎంత వేలాడుతుందో నువ్వే చూస్తావు, రాళ్లలో నాలుగు చక్రాలూ నేల మీద ఉండేది దానివల్లే. వంపు బాగా పోయి చదునైపోయిన కట్టలైతే మళ్లీ వంపు తీయించు, లేదా మొత్తం సెట్టు మార్చు. పోయిన ఎత్తు అక్కడే తిరిగొస్తుంది.

యూ బోల్టులు మాత్రం పాతవి తిరిగి వాడకు. ఒకసారి బిగించాక అవి సాగిపోతాయి, మరలు దెబ్బతింటాయి. కొత్తవి వేసి, బండి బరువు చక్రాల మీద పడ్డాక కమాన్ బుష్‌ల బోల్టులు పూర్తిగా బిగించు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. కొంత దూరం తిరిగాక యూ బోల్టుల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడు, తప్పకుండా కొంచెం తిరుగుతాయి.

ఆ వదులు డ్రాగ్ లింక్ ఎండు కూడా ఇప్పుడే మార్చేసి, ఎడమ నకిల్ కూడా అయ్యాక టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయించు. అప్పుడు పాత టైర్లతోనే 60లో అదే గుంత మీద నడిపి చూసి ఎలా ఉందో ఇక్కడ రాయి. కాటా లెక్క రెండు వైపులా ఎంత వచ్చిందో కూడా రాయి, చూసి చెబుతాను.